పేరే తాళపుచెవి కావచ్చునా? – జాతీయ గుర్తింపు సంఖ్యల వినియోగముపై ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలోని ఒక తరగతిలో ముగ్గురు లక్ష్ములు, ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండుట వింత కాదు. ఇంటిపేరు చేర్చినను ఒక్కొక్కప్పుడు చిక్కు విడిపోదు. అందుచేతనే ఉపాధ్యాయుడు హాజరుపట్టీలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య నిచ్చును. "పదునేడు" అని పిలిచినంతనే ఒక్క పిల్ల మాత్రమే లేచి "ఉన్నానండి" అనును. ఈ సంఖ్య చేయునది పేరు చేయు పనియే. పేరుకంటె చక్కగా చేయును, అంతే భేదము. అది తరగతిలో అందరికిని తెలియును. తెలిసియుండుటయే దాని ప్రయోజనము.

పరీక్షల కాలములో హాల్ టికెట్లు పంచు గుమాస్తా ముఖము చూడక, సంతకము అడుగక, "నీ సంఖ్య ఎంత?" అని మాత్రమే అడిగి, చెప్పినవారి కెల్ల టికెట్టు ఇచ్చుచున్నాడని ఊహింపుడు. పదునేడవ సంఖ్యగల పిల్ల టికెట్టును ఎవరైనను తీసికొని పోవచ్చును. ఇందు తప్పు ఆ పిల్లది కాదు, సంఖ్యది కాదు. పదిమందికి తెలిసిన పేరును, ఒకరికే తెలియవలసిన తాళపుచెవిగా వాడిన పద్ధతిది ఆ తప్పు. ఫిర్యాదు విని ప్రధానోపాధ్యాయుడు "ఇకమీదట ఎవరి సంఖ్యను వారు రహస్యముగా దాచుకొనవలెను" అని ఉత్తరువు చేసినచో చిక్కు తీరదు సరికదా, మరునాటినుండి హాజరు పిలుచుటయే సాగదు.

నవ్వు పుట్టించు ఈ కథయే గడచిన తొంబది సంవత్సరములలో అనేక దేశములలో, కోట్లాది ప్రజల విషయమున, నిజముగా జరిగినది. ప్రభుత్వములు పౌరుల కిచ్చిన గుర్తింపు సంఖ్యలు మొదట పేర్లుగా పుట్టి, క్రమముగా తాళపుచెవులుగా మారినవి. భారతదేశములో 12 అంకెల ఆధార్ సంఖ్య బ్యాంకు గుమాస్తా బల్ల మొదలు బడిపిల్లల దరఖాస్తు వరకు వ్యాపించిన ఈ కాలమున, ఆ పద్ధతిలోని గుణదోషములను శాస్త్రదృష్టితో విచారించుట అవసరము.

మూడు పనులు, ఒక సంఖ్య

ఒక మనిషి కార్యాలయమునకు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు పుట్టును. మొదటిది: "ఇన్ని కోట్లమందిలో నీవు ఎవరవని చెప్పుచున్నావు?" ఇది గుర్తింపు. రెండవది: "నీవు ఆ మనిషివే అనుటకు నిదర్శన మేమి?" ఇది ధ్రువీకరణ. మూడవది: "ఆ మనిషికి ఈ పని చేయించుకొను హక్కు కలదా?" ఇది అధికారము. బియ్యపు కార్డు, పింఛను, ఓటు – ఇవన్నియు ఈ మూడవ ప్రశ్నకు సంబంధించినవి.

సంఖ్య మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానము. రెండవ ప్రశ్నకు సమాధానముగా మనిషియొద్దనే ఉండునది ఏదైన కావలెను: అతనికి మాత్రమే తెలిసిన రహస్యము, అతని చేతిలో నున్న కార్డు లేక టెలిఫోను, లేదా అతని శరీరలక్షణము. మంచి నిదర్శనమునకు రెండు గుణములు ముఖ్యము. ఒకటి, అడిగినవాని చేతికి అది చిక్కకుండవలెను. రెండు, పోయినచో మార్చుకొనుటకు వీలుండవలెను. గుర్తింపు సంఖ్యకు ఈ రెండు గుణములును లేవు. అడిగిన ప్రతివానికి దానిని చెప్పవలెను. పుట్టుకనుండి చావువరకు అది మారదు.

తనిఖీ అంకె చెప్పునదేమి?

చాలమంది చదువుకొన్నవారికి కూడ ఒక భ్రమ కలదు: "కంప్యూటరు సంఖ్యను అంగీకరించినది, కావున మనిషి నిజమైనవాడు." ఈ భ్రమకు మూలము తనిఖీ అంకె. ఆధార్ సంఖ్యలోని పండ్రెండవ అంకె తక్కిన పదునొకండింటినుండి లెక్కగట్టబడును. ఈ లెక్కను 1969లో యాకోబస్ వెర్హూఫ్ అను డచ్చి గణితజ్ఞుడు వెలువరించెను. పంచభుజి త్రిప్పుటలు, తిరగవేయుటలు కలిసి ఏర్పడు పది చర్యల సమూహము దానికి ఆధారము. మామూలు గుణకారములో 3ను 7తో గుణించినను, 7ను 3తో గుణించినను ఫలమొక్కటే; ఈ సమూహములో క్రమము మారినచో ఫలము మారవచ్చును. అందుచేత ఒక అంకె తప్పు వ్రాసినను, ప్రక్కప్రక్కనున్న రెండంకెలు తారుమారైనను లెక్క పట్టివేయును.

అద్భుతమైన ఉపాయమే, కాని అది పట్టునది చేతప్పును, మోసమును కాదు. లెక్క తెలిసిన ఏ విద్యార్థియైనను సరియైన తనిఖీ అంకెగల సంఖ్యలను వందలకొలది తయారుచేయగలడు. ఆధార్ సంఖ్య 0తో గాని, 1తో గాని మొదలు కాదు. కనుక మొదటి అంకెకు 8 అవకాశములు, తరువాతి పదింటికి ఒక్కొక్కదానికి 10, చివరిది లెక్కచేత నిర్ణయము. మొత్తము 8,000 కోట్ల సంఖ్యలు సాధ్యము. ఇప్పటికి జారీయైనవి 130 కోట్లకు పైమాట. అనగా, లెక్క సరిపోవు సంఖ్యలను తోచినట్లు వ్రాయుచు పోయినచో సుమారు అరువదింటిలో ఒకటి ఎవరికో చెందినదై యుండును. తలుపునకు పట్టు తాళపుచెవి అరువది ప్రయత్నములలో దొరకునట్లున్నచో దానిని తాళమనుట యెట్లు?

అమెరికా నేర్చుకొన్న పాఠము

ఈ విషయమున అందరికంటె ముందు దెబ్బ తిన్నది అమెరికా. 1935లో చేసిన సాంఘిక భద్రతా చట్టము క్రింద కార్మికుల జీతములను నమోదు చేయుటకై 1936 నవంబరునుండి తొమ్మిదంకెల సంఖ్యల నిచ్చిరి. ఉద్దేశము పరిమితమైనది, ముసలితనమున పింఛను లెక్క తేలవలెను, అంతే. 1946నుండి కొంతకాలము ఆ కార్డులపై "గుర్తింపు కొరకు కాదు" అను భావమున ఒక హెచ్చరికను అచ్చువేసిరి. ఆ హెచ్చరికను ఎవరును లక్ష్యపెట్టలేదు. 1972లో దానిని తొలగించిరి.

ఆ సంఖ్య మొదటినుండి రహస్యముగా పనికిరాదని తెలుపు ఒక సంఘటన 1938లో జరిగినది. ఒక పర్సుల కంపెనీ తన పర్సులో కార్డు ఎట్లు ఇముడునో చూపుటకు మాదిరి కార్డు నొకదానిని పెట్టి అమ్మినది. దానిపై నున్నది ఆ కంపెనీలో పనిచేయు ఒక కార్యదర్శిని నిజమైన సంఖ్య. కొన్నవారిలో వేలమంది అది తమ సంఖ్యయే యని తలచి వాడుకొన్నారు. 1943లో ఒకే కాలమున 5,755 మంది ఆ సంఖ్యను వాడుచుండిరి. మొత్తముమీద 40,000 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు దానిని తమదిగా చెప్పిరి. సంఖ్య పలుకుట వేరు, ఆ మనిషి యగుట వేరు అనుటకు ఇంతకంటె దృష్టాంతము కావలయునా?

అయినను బ్యాంకులు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయములు ఆ సంఖ్యనే అడిగి, చెప్పగలిగినవానిని అసలు మనిషిగా నమ్మసాగినవి. 2009లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన అలెస్సాండ్రో అక్విస్తి, రాల్ఫ్ గ్రాస్ అను పరిశోధకులు ఒక కలవరపరచు ఫలితమును ప్రకటించిరి. ఆ సంఖ్యలలో మొదటి మూడంకెలు ప్రాంతమును, తరువాతి రెండు వర్గమును, చివరి నాలుగు వరుసను తెలుపును. చనిపోయినవారి సంఖ్యల పట్టిక బహిరంగముగా దొరకును. ఆ పట్టికలోని క్రమమును పట్టుకొని, బ్రతికియున్నవారి పుట్టిన తేది, పుట్టిన రాష్ట్రము మాత్రమే తెలిసినచో వారి సంఖ్యను ఊహింపవచ్చునని వారు చూపిరి. 1988 తరువాత పుట్టినవారిలో నూటికి 44 మంది మొదటి అయిదంకెలు ఒక్క ప్రయత్నముననే దొరికినవి. నూటికి ఎనిమిది మందికి పైగా తొమ్మిదంకెలును వేయి ప్రయత్నములలోపల దొరికినవి. పుట్టినరోజు శుభాకాంక్షలకై బహిరంగముగా పెట్టుకొన్న తేదియే దొంగకు దారి చూపినది.

ఇందు మరియొక విపరీతము కలదు. "పూర్తి సంఖ్య అడుగుట క్షేమము కాదు" అని తలచిన సంస్థలు చివరి నాలుగంకెలను మాత్రము అడుగ మొదలుపెట్టినవి. కాని ఊహించుటకు కష్టమైనవి ఆ నాలుగే! మొదటి అయిదు లెక్కచేత దొరకును. మిగిలిన నాలుగు మనిషియే అందరికి చెప్పి తిరుగుచుండెను. 2011 జూన్ 25నుండి సంఖ్యలను క్రమము లేకుండ ఇచ్చు పద్ధతి వచ్చినది. అప్పటికే జారీయైన సంఖ్యలు మాత్రము అట్లే నిలిచినవి. 2017లో ఈక్విఫాక్స్ అను ఋణచరిత్రల సంస్థనుండి 14 కోట్లకు పైగా ప్రజల వివరములు అపహరింపబడినప్పుడు, వానిలో ఈ సంఖ్యలును పోయినవి. రహస్యపదము పోయినచో మరునిమిషమున మార్చుకొనవచ్చును. జీవితాంతపు సంఖ్య పోయినచో చేయగలిగినది స్వల్పము.

కొరియా: పుట్టుపూర్వోత్తరములు చెప్పు సంఖ్య

దక్షిణ కొరియాలో నివాస నమోదు సంఖ్యలు 1968లో వచ్చినవి. ఆ సంవత్సరము జనవరిలో ఉత్తర కొరియా సైనికులు అధ్యక్షభవనముపై దాడికి యత్నించుటతో, గూఢచారులను ఏరివేయు తలంపుతో వానిని ప్రవేశపెట్టిరి. 1975నుండి అవి పదమూడంకెల సంఖ్యలు. మొదటి ఆరు పుట్టిన తేది. ఏడవది స్త్రీపురుష భేదమును, శతాబ్దమును తెలుపును. తరువాతి నాలుగు నమోదైన ప్రాంతము. ఆ పిమ్మట వరుస. చివరిది తనిఖీ అంకె. అనగా సంఖ్యను చెప్పుటయే వయస్సును, పుట్టిన ఊరిని చెప్పుట.

ఆ దేశమున ఇంటర్నెట్టులో వ్యాఖ్య వ్రాయుటకు సయితము నిజనామ ధ్రువీకరణ కావలెనని 2007లో నిబంధన చేసిరి. ఫలితముగా ఆటల సంస్థలు, వార్తల సంస్థలు అన్నియు కోట్లాది సంఖ్యలను కూడబెట్టినవి. ధనమున్న ఇంటికే కన్నము పడునన్నట్లు, 2011లో ఒకే సంస్థనుండి సుమారు 3 కోట్ల 50 లక్షల మంది వివరములు దొంగిలింపబడినవి. ఆ దేశ జనాభాయే సుమారు 5 కోట్లు! 2012 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానము నిజనామ నిబంధనను కొట్టివేసినది. 2014లో మూడు క్రెడిట్ కార్డు కంపెనీల నుండి సుమారు 2 కోట్ల మంది వివరములను ఒక ఒప్పందపు ఉద్యోగి చిన్న జ్ఞాపకపుల్లలోనికి ఎక్కించుకొని పోయినట్లు బయటపడినది. బయటి దొంగ కాదు, లోపలివాడు. కంచెయే చేను మేసినది.

సంఖ్యను మార్చుకొను హక్కు లేకుండుట రాజ్యాంగవిరుద్ధమని అదే న్యాయస్థానము 2015లో తీర్పు చెప్పెను. 2017 మేనుండి, హాని కలిగినదని నిరూపించినవారికి సంఖ్యను మార్చు ఏర్పాటు కలిగినది. 2020 అక్టోబరునుండి క్రొత్త సంఖ్యలలో ప్రాంతపు అంకెలను తొలగించిరి. పేరును తాళపుచెవిగా వాడిన తప్పునకు పరిహారముగా, చివరకు పేరునే మార్చవలసి వచ్చినది.

ఆధార్ ఎంతవరకు మేలు?

ఈ అనుభవముల ప్రక్కన పెట్టి చూచినపుడు ఆధార్ నిర్మాణములో మెచ్చుకొనదగిన అంశములు కలవు. 2009లో గుర్తింపు ప్రాధికార సంస్థ ఏర్పడినది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని తెంభ్లీ గ్రామమున మొదటి సంఖ్యల నిచ్చిరి. ఈ సంఖ్యలో పుట్టిన తేది లేదు, కులము లేదు, జిల్లా లేదు. అంకెలకు క్రమము లేదు. అమెరికాలోవలె ఊహించుటకు వీలులేదు. సంఖ్యతోపాటు వ్రేలిముద్రనో, కంటిపాపనో, టెలిఫోనుకు వచ్చు ఓ.టి.పి.నో సరిచూచుట అసలు పద్ధతి. కాగితముమీద పేరు, తాళపుచెవి వేరుగానే యున్నవి.

కాని వాడుకలో జరిగినది వేరు. ఊరూర జిరాక్సు దుకాణములలో తీసిన ఆధార్ నకళ్ళు హోటళ్ళ సొరుగులలో, సిమ్ కార్డుల అంగళ్ళలో గుట్టలుగా పేరుకొన్నవి. అట్టి చోట యంత్రము లేదు, వ్రేలిముద్ర లేదు. కాగితము చేతనుండుటయే నిదర్శనమైనది. ఆ నకలు మరియొకని చేత పడినచో అతడును అదే నిదర్శనమును చూపగలడు. నకలు తీసిన తాళపుచెవికిని, అసలుకును భేదముండదు గదా!

ప్రభుత్వ శాఖలును ఈ దోషమునకు అతీతములు కావు. 2017 మేలో బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ప్రకటించిన నివేదిక నాలుగు ప్రభుత్వ వెబ్‌సైటులను పరిశీలించి, సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బహిరంగముగా కనబడుచున్నవని అంచనా వేసినది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు సంబంధించినవి. లబ్ధిదారుల పట్టికలను ప్రజలముందు పెట్టుట మంచి ఉద్దేశమే. ఎవరికి ఎంత ముట్టినదో ఊరికి తెలియవలెను. కాని పేరు, ఊరు చాలు చోట సంఖ్యను, బ్యాంకు ఖాతాను కూడ అచ్చువేయుట పారదర్శకత కాదు, అజాగ్రత్త.

సంఖ్య మాత్రమే పోయినచో నేమి, వ్రేలిముద్ర లేనిదే పని జరుగదు గదా అని సమాధానము వచ్చును. దీనికి తెలంగాణలో 2018లో బయటపడిన సంఘటనయే ప్రత్యుత్తరము. పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్ము ఒక వ్యక్తి రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటునుండి భూముల దస్తావేజులను దింపుకొన్నాడు. ఆ కాగితములమీద అమ్మినవారి, కొన్నవారి ఆధార్ సంఖ్యలు కలవు. వాని ప్రక్కనే వ్రేలిముద్రలు కలవు. రబ్బరు ముద్రలు తయారుచేయు పరికరముతో ఆ వ్రేలిముద్రలకు ప్రతులు చేసి, వాని సాయముతో వేల సంఖ్యలో సిమ్ కార్డులను పరుల పేర పని చేయించినాడు. పేరు, తాళపుచెవి ఒకే కాగితముమీద ప్రక్కప్రక్కన దొరికినవి! ఆ తరువాతి సంవత్సరములలో ఇట్టి నకిలీ వ్రేళ్ళతో గ్రామీణుల బ్యాంకు ఖాతాలనుండి సొమ్ము తీసిన మోసములు పలు రాష్ట్రములలో బయటపడినవి.

ఇచ్చట శాస్త్రవిషయ మొకటి గ్రహింపవలెను. వ్రేలిముద్ర రహస్యము కాదు. తాకిన ప్రతి గాజుగ్లాసుమీద మనిషి దానిని వదలిపోవుచున్నాడు. అది ఒకవిధమైన పేరే. దానిని నిదర్శనముగా వాడదగినది, ముద్ర వేసినది సజీవమైన వ్రేలేయని యంత్రము తేల్చుకొనగలిగినప్పుడు మాత్రమే. అట్టి సజీవత్వ పరీక్షను గుర్తింపు సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టినది. మంచి మెట్టే, అయినను మార్చుకొన వీలులేకుండుట అను రెండవ దోషము తీరలేదు. రహస్యపదములు ఎన్నియైనను కల్పించుకొనవచ్చును. వ్రేళ్ళు పది మాత్రమే.

పూసలను కలుపు దారము

తాళపుచెవి భయముకంటె మెల్లగా వ్యాపించు భయము మరియొకటి కలదు. ఆసుపత్రి రికార్డు ఒక పూస. బ్యాంకు ఖాతా ఒక పూస. ప్రయాణము, బడి, భూమి, పన్ను – ఒక్కొక్కటి ఒక్కొక్క పూస. విడివిడిగా నున్నంతకాలము ఏ పూసయును మనిషిని పూర్తిగా చూపదు. అన్నింటియందును ఒకే సంఖ్య వ్రాసినచో, అది దారమై వానిని ఒక్క దండగా గ్రుచ్చును. ఫ్రాన్సులో 1974లో శాఖల దస్త్రములను ఒకే సంఖ్యతో కలుపు "సఫారి" అను పథకము పత్రికలలో బయటపడి గొప్ప కలవరము పుట్టినది. దాని ఫలితముగా 1978లో వ్యక్తుల వివరములను కాపాడు చట్టము, దానిని అమలుపరచు స్వతంత్ర సంఘము ఏర్పడినవి.

సంఖ్యను గూఢలిపిలోనికి మార్చి వ్రాసినచో చాలునని కొందరందురు. ఇదియు పైపైన చూచినంత సులభము కాదు. ఒక సంఖ్యను వెనుకకు తిప్పరాని గణితక్రియచేత మరియొక పొడవైన సంఖ్యగా మార్చవచ్చును. కాని సాధ్యమైన సంఖ్యలు 8,000 కోట్లే. క్షణమునకు ఒక కోటి సంఖ్యలను మార్చి చూడగల కంప్యూటరు 8,000 సెకండ్లలో, అనగా రెండుంబావు గంటలలోపల, అన్నింటిని సరిచూచి అసలు సంఖ్యను పట్టగలదు. రహస్యమైన బీజమును చేర్చనిదే ఆ మార్పిడి వ్యర్థము. 2015లో లతన్యా స్వీనీ, జి సు యూ అను పరిశోధకులు కొరియాలో చనిపోయినవారి మందుచీటీల దస్త్రములను తీసికొని, అక్షరములుగా మార్చియుంచిన 23,163 నమోదు సంఖ్యలను అన్నింటిని విప్పి చూపిరి. వారికి తోడ్పడినది మరేమియు కాదు: ఆ సంఖ్యల నిర్మాణము, తనిఖీ అంకె!

"దాచుకొనుటకేమున్నది?"

నిజాయితీపరునికి భయమెందుకను ఆక్షేపణ తరచుగా వినబడును. 2018 జూలైలో టెలికాం నియంత్రణ సంస్థ అధ్యక్షుడుగా నుండిన ఆర్. ఎస్. శర్మ తన ఆధార్ సంఖ్యను బహిరంగముగా ప్రకటించి, దీనితో తనకేమి హాని చేయగలరో చూపుడని సవాలు చేసెను. కొన్ని గంటలలోనే అతని టెలిఫోను సంఖ్య, చిరునామా, పుట్టిన తేది మొదలగునవి జనులు బయటపెట్టిరి. ఒకరు అతని ఖాతాలో ఒక రూపాయి వేసి చూపిరి. ఆ వివరములు ఆధార్ భాండారమునుండి రాలేదని, ఇతరచోట్ల దొరకునవేయని గుర్తింపు సంస్థ చెప్పినది, అది నిజమే. అదే సంస్థ, ఎవరును తమ సంఖ్యను ఇట్లు బహిరంగముగా ప్రకటింపరాదనియు హితవు చెప్పినది.

ఈ రెండు మాటలను కలిపి చదివినచో పద్ధతిలోని వైరుధ్యము తేటపడును. సంఖ్య నిజముగా పేరువంటిదే యైనచో దాచుమని చెప్పనక్కరలేదు. దాచవలసినదే యైనచో ప్రతి అంగడిలోను అడుగరాదు. రెండును ఒకేసారి చెల్లవు. మరియు పెద్ద అధికారికి రూపాయి వేసి చూపుట వినోదము. పింఛను డబ్బు తీసికొనుటకు బ్యాంకు ప్రతినిధియొద్దకు పోవు వృద్ధురాలి ఖాతానుండి రెండువేలు పోయినచో అది ఆ నెల తిండి. ఆమెకు సవాలు చేయు ఓపిక లేదు, ఫిర్యాదు వ్రాయు చదువు లేదు. పద్ధతుల బలమును కొలువవలసినది బలవంతుల అనుభవముతో కాదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా చెప్పినది. 2018 సెప్టెంబరు 26న అయిదుగురి ధర్మాసనము నలుగురి మొగ్గుతో ఆధార్ చట్టమును నిలిపినది; కాని ప్రైవేటు సంస్థలు ఒప్పందము పేర దానిని వాడుకొనుటకు వీలిచ్చు 57వ సెక్షను భాగమును కొట్టివేసినది. 2025 జనవరిలో సవరించిన నియమములచేత, అనుమతి పొందిన ప్రైవేటు సంస్థలకు ధ్రువీకరణ ద్వారము తిరిగి కొంత తెరువబడినది. ద్వారము వెడల్పగుకొలది కావలి గట్టిపడవలెను.

మేలైన మార్గములు

విమర్శ తిరస్కారము కాదు. పేరును, తాళపుచెవిని విడదీసిన దేశములు కలవు. ఎస్టోనియాలో పదునొకండంకెల వ్యక్తిసంఖ్య రహస్యము కాదు. దానిని తెలిసికొన్నవాడు చేయగలిగినది ఏమియు లేదు. నిదర్శనము కార్డులోని సూక్ష్మయంత్రమున దాగిన గూఢబీజము, యజమానికి మాత్రమే తెలిసిన రహస్యాంకములు. 2017లో ఆ సూక్ష్మయంత్రములందు లోపము బయటపడి సుమారు 7,50,000 కార్డులకు ప్రమాదము వచ్చినపుడు, ప్రభుత్వము పాత బీజములను నిలిపివేసి క్రొత్తవి ఇచ్చినది. తాళము మారినది, ఎవరి పేరును మారలేదు. ఆస్ట్రియాలో 2004 చట్టము ప్రకారము ఒక్కొక్క రంగమునకు వేరువేరు సంఖ్యలు పుట్టును. ఆరోగ్యశాఖ సంఖ్యనుండి పన్నులశాఖ సంఖ్యను లెక్కగట్టుటకు వీలుండదు. దారము తెగినది.

ఇట్టి సదుపాయములు భారతదేశమునను కొన్ని కలవు. అసలు సంఖ్యకు బదులు ఇచ్చి, కావలసినపుడు మార్చుకొనదగిన 16 అంకెల మారుసంఖ్యను 2018లో ప్రకటించిరి. మొదటి ఎనిమిదంకెలు కప్పిన ఆధార్ పత్రమును దింపుకొనవచ్చును. వ్రేలిముద్రల వినియోగమునకు తాళము వేసి, అవసరమైనప్పుడు తీయవచ్చును. పత్రముపైనున్న చతురపు గుర్తులోని వివరములకు సంస్థవారి గణిత సంతకము కలదు. దానిని యంత్రముతో చదివినచో నకిలీ తెలిసిపోవును, కేంద్ర భాండారమును అడుగ నక్కరలేదు. కాని ఈ సదుపాయములు తెలిసినవారు అరుదు. అడుగు అధికారులు మరింత అరుదు. పైగా, ఇంటర్నెట్టునుండి దింపుకొను ఆధార్ పత్రమునకు రహస్యపదమేది? పేరులోని మొదటి నాలుగక్షరములు, పుట్టిన సంవత్సరము! పేరును తాళపుచెవిగా వాడు అలవాటు ఎంత లోతుగా నాటుకొన్నదో దీనివలన తెలియుచున్నది.

పాఠశాల చేయదగినది

ఈ విషయము ఉపాధ్యాయులకు దూరమైనది కాదు. పిల్లల ఆధార్ నకళ్ళు బడి బీరువాలలో కట్టలుగా నుండును. సంఖ్యలతో కూడిన పట్టికలు టెలిఫోను బృందములలో తిరుగును. ఒక్కొక్కచోట నోటీసు బోర్డుకెక్కును. ఆధార్ లేనంత మాత్రమున ఏ బిడ్డకును మేలు నిరాకరింపరాదనియు, బిడ్డను చేర్చుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననియు 2018 తీర్పు చెప్పినది. పదునెనిమిది యేండ్లు నిండిన ఆరునెలలలోపల సంఖ్యను రద్దు చేసికొను హక్కు 2019 సవరణ చట్టముచేత లభించినది. పిల్లవాడు తానై నిర్ణయించుకొను వయస్సు వచ్చునప్పటికి అతని సంఖ్య వందచోట్ల చెదరి యున్నచో, ఆ హక్కునకు విలువ ఎంత మిగులును?

చేయదగినవి కష్టమైనవి కావు. అవసరము లేనిచోట సంఖ్యను అడుగకుండుట. చూచి తిరిగి ఇచ్చినచో చాలు కాగితమునకు నకలు పుచ్చుకొనకుండుట. పుచ్చుకొన్నచో అంకెలు కప్పిన ప్రతిని పుచ్చుకొనుట. పని తీరిన పిమ్మట చింపివేయుట. పట్టికలలో హాజరుసంఖ్యనే వాడుట. గణితపు తరగతిలో తనిఖీ అంకెను బోధించునపుడు, అది సంఖ్య తప్పా ఒప్పా అని చెప్పునే గాని మనిషి ఎవరో చెప్పదని ఒక్క వాక్యము చేర్చినచో, రేపు బ్యాంకు బల్లవెనుక కూర్చుండు విద్యార్థికి అది జీవితాంతము పనికివచ్చును.

పదునేడవ సంఖ్య పిల్ల తన సంఖ్యను దాచనక్కరలేని రోజే, ఆ బడి టికెట్ల పద్ధతి సరియైనదని చెప్పదగిన రోజు. దేశమునకైనను ఇదే కొలబద్ద. పేరు నలుగురి నోట నుండుటకు. తాళపుచెవి సొంతవారి మొలలో నుండుటకు.